అడుగున మిగిలిన నీలం

హైదరాబాదులో నేను చేసిన ఘనకార్యం గురించి మా ప్లాంటు కాలనీలో ఒక కథ నడుస్తోంది. పొద్దున నడకలో కలిసినవాళ్లు ఆపి మరీ చేయి కలుపుతున్నారు. క్లబ్బువాళ్లు శాలువా కప్పుతామన్నారు. ఆ కథలో సగం నేనే పుట్టించాను, కాబట్టి సరిచేయాల్సింది కూడా నేనే. క్లబ్బు పత్రికలో రెండు పేజీలు అడిగి తీసుకున్నాను. ప్రయాణం మొదటినుంచి వరసగా చెబితేనే కథలోకి అబద్ధం ఎక్కడ చేరిందో తెలుస్తుంది.

ప్లాంటులో పనిచేయని ఇంటివాళ్ల కోసం ముందొక మాట. మేము అమ్మేది గాలి. గాలిని నొక్కి, తేమ తీసేసి, ద్రవం అయ్యేదాకా చల్లబరుస్తాం. ఆ ద్రవంలో నైట్రోజన్‌కి తొందరెక్కువ, ముందు ఆవిరై పైకి పోతుంది. ఆక్సిజన్ నిదానం, అడుగున మిగులుతుంది. మీకు మా గేటు బయటినుంచి కనిపించే ఆ పొడుగాటి తెల్ల టవర్లో జరిగేది ఇదే. చల్లబరచడం మొదలుపెట్టాక అది పనికి రావడానికి రోజులు పడతాయి. అందుకే మా షిఫ్టుల్లో అందరికీ ఒకటే జబ్బు: పుట్టించిన చలిని వృథా చేయలేం. ఈ జబ్బు సంగతి గుర్తుంచుకోండి, ముందు అవసరం పడుతుంది.

తార్నాక

అక్కడి విశ్వవిద్యాలయంలో స్వరూప అనే పరిశోధక విద్యార్థిని మనిషంత ఎత్తున గాజుతో ఒక చిన్న టవర్ కట్టింది. పిల్లలు కళ్లతో చూస్తూ నేర్చుకోవడానికి. నడిపించే ముందు ప్లాంటులో పనిచేసినవాళ్లు ఒకసారి చూడాలని వాళ్ల శాఖాధిపతి విజయలక్ష్మి మేడం అడిగితే, మావాళ్లు నన్ను పంపారు.

సికింద్రాబాద్ స్టేషనుకి స్వరూపే ఆటో తీసుకొని వచ్చింది. జనగామ దగ్గర పల్లె ఆమెది, తల్లిదండ్రులు పత్తి వేస్తారు. ఆటో నడిపే యాదగిరి వాళ్ల పక్క ఊరివాడే. నేను రెండు మాటలు మాట్లాడానో లేదో అద్దంలోంచి నవ్వాడు.

"శ్రీకాకుళం దిక్కా సార్ మీది?"

"ఆ పక్కే. ఎలా తెలిసింది?"

"'ఏటి' అన్నరు గద. మా బస్తీల మేస్త్రీలంత గట్లనే అంటరు."

తార్నాకలో ఇడ్లీ తిన్నాం. మా దగ్గర ఇడ్లీ చట్నీలో మునుగుతుంది. అక్కడ ఇడ్లీకి కారప్పొడి పూసి, పైన నెయ్యి వేసి, పెనం మీద తిప్పి ఇచ్చారు. ప్లేటు నలభై రూపాయలు. ఖరీదే గానీ రెండో ప్లేటు చెప్పాను. ఇరానీ చాయ్ మాత్రం నాకు పాయసంలా తోచింది. సగం వదిలేస్తే స్వరూప నొచ్చుకుంది. "చాయ్ ఇడిచిపెడితే గీడ మంచిగ జూడరు సార్," అంది. తాగేశాను.

క్యాంపస్‌లో నన్ను ఆపింది భవనాలు కాదు, చెట్లు. ప్రతి చెట్టు కింద ఒక ప్లాస్టిక్ కుర్చీ, కుర్చీలో ఒకరు, ఒళ్లో లావుపాటి పుస్తకం. ఉద్యోగాల పరీక్షలకు చదువుతున్నవాళ్లట. కొందరు కుర్చీని చెట్టుకి గొలుసుతో కట్టి తాళం వేసుకున్నారు. మా ఊళ్లో పడవలకి తాళం వేయడం చూశాను, కుర్చీకి చూడలేదు.

లాలాగూడ

మధ్యాహ్నం ద్రవ నైట్రోజన్ తేవడానికి లాలాగూడ వైపు వెళ్లాం. రైల్వే క్వార్టర్లు దాటాక, ఒక సందు చివర గ్యాస్ డిపో ఉంది. యజమానిని అందరూ సేటు అంటున్నారు. మా క్యాన్‌ని నా కళ్లముందే పెద్ద ట్యాంకు గొట్టం కింద పెట్టి నింపించాడు. అది నైట్రోజన్ ట్యాంకే. మీటరూ చూశాను, బోర్డూ చూశాను. ఈ సంగతి ఇక్కడ ఎందుకు రాస్తున్నానో తర్వాత తెలుస్తుంది.

తిరుగు దారిలో స్వరూప క్యాన్‌ని రెండు మోకాళ్ల మధ్య పెట్టుకొని, చంటిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకొని కూర్చుంది. మూతి దగ్గర తెల్లని పొగ.

"గిది బర్ల దవాఖాన డబ్బా గద?" అన్నాడు యాదగిరి. "మా ఊర్ల డాక్టరు బండి మీద తెస్తడు. అండ్ల ఆవులు సూడి కట్టనీకి ఎద్దు సూదులుంటయి."

"డబ్బా గదే అన్నా. ఇండ్ల ఎద్దు లేదు," అంది స్వరూప.

"అయితే మరి దేనికి?"

"గాలిని గాలితోనే కడుగుతం."

యాదగిరి హారన్ ఒకటి కొట్టి, "మీ యూనివర్సిటోళ్లకు పనుల్లెవ్వు," అన్నాడు.

ఫ్యాను కింద

మార్చి చివరే గానీ ఆ గదిలో అప్పటికే వడగాలి. ఫ్యాను ఆపితే ఉండలేం. గాజు టవర్, వాళ్ల మాటలో కాలమ్, ముచ్చటగా ఉంది. లోపల చిల్లులున్న పళ్లేలు ఒకదాని మీద ఒకటి పేర్చింది. చూడడానికి వచ్చిన మొదటి సంవత్సరం పిల్లలకు స్వరూప చెబుతుంటే నేను విన్నాను.

"సికింద్రాబాద్‌ల బస్సెక్కుతరు. బస్సు నిండ రైల్వేవాళ్లు, స్టూడెంట్లు కలిసి ఉంటరు. ప్రతి స్టాపుల కొంతమంది రైల్వేవాళ్లు దిగుతరు, కొంతమంది స్టూడెంట్లు ఎక్కుతరు. క్యాంపస్ గేటు కాడికి వచ్చేసరికి అందరు స్టూడెంట్లే. గీ పళ్లేలు స్టాపులు. పైకి పొయ్యే ఆవిరి, కిందికొచ్చే ద్రవం, ప్రతి స్టాపుల మనుషులను మార్చుకుంటయి."

నా సర్వీసంతా కొత్త కుర్రాళ్లకి ఇదే సంగతి బోర్డు మీద గీతలు గీసి చెప్పాను. ఒక్కడికీ ఇంత తొందరగా ఎక్కలేదు.

సాయంత్రం ఒక తీగచుట్టని చల్లబరిచి చూడడానికి వెడల్పు మూతి స్టీలు ఫ్లాస్కులో కొంత నైట్రోజన్ పోశాం. పని అయిపోయాక సగానికి పైగా మిగిలింది.

"పారబోస్త సార్. రేపటి డెమోకు క్యాన్‌లకెల్లి తాజాది తీసుకుందం," అంది స్వరూప.

"అదేటమ్మా, అంత చలిని పారబోస్తారా? మా దగ్గర చుక్క వదలం. ఉండనీ. క్యాన్‌లోది కాలమ్‌కి దాచుదాం."

"మూతి తెరిచి ఉన్నది సార్. ఫ్యాను గూడ..."

"నైట్రోజన్‌కి ఏమవుద్దమ్మా?"

ఆమె ఫ్లాస్కుని బల్ల మీదే ఉంచేసింది. పెద్దవాణ్ణి, పిలిపించుకున్నవాణ్ణి. రాత్రి వెళ్లేముందు, పొద్దున రాగానే, తగ్గినంత మేర పైనుంచి కొంచెం కొంచెం పోసి ఆ ఫ్లాస్కుని బతికించింది నేనే.

అగరుబత్తి

రెండో రోజు మధ్యాహ్నానికి ఫ్లాస్కులో నాలుగు వేళ్ల లోతు మిగిలింది. మేడం వచ్చారు. పిల్లలు బల్లల చుట్టూ చేరారు. నేను అగరుబత్తి వెలిగించి, మంట ఊది ఆర్పి, ఎర్రటి నిప్పుకొన మాత్రం ఉంచాను. దాన్ని ఫ్లాస్కులోకి దించితే ఆ నిప్పు కూడా ఆరిపోవాలి. నైట్రోజన్‌లో ఏదీ మండదు. పిల్లలకు చూపించదలచుకున్నది అదే.

ఆరలేదు. తెల్లగా కళ్లు చెదిరేలా వెలిగి భగ్గుమంది. చేయి వెనక్కి లాగాను. మండుతున్న పుల్ల పక్కనే ఉన్న అట్టపెట్టె మీద పడి, అందులోని దూది అంటుకుంది. పిల్లలు కేకలేస్తూ తలుపు వైపు పరుగెత్తారు. పెట్టెని కాలమ్‌కి దూరంగా లాగబోయిన స్వరూప చున్నీ అంచు కాలింది. ఇసుక బకెట్ ఎత్తి కుమ్మరించింది మాత్రం నేనే. కాలనీలో చెప్పుకుంటున్న కథలో నిజం అంతవరకే.

పొగ తగ్గాక ఫ్లాస్కులోకి చూశాను. నైట్రోజన్‌కి రంగు ఉండదు. అడుగున ఉన్నది లేత నీలం. ఆక్సిజన్ రంగు. అంతా ఆ క్షణంలోనే అర్థమైంది. మూతి మీద ఆవిరి కప్పుకొని ఉంటే గాలి లోపలికి అంతగా దిగదు. ఆ కప్పుని ఫ్యాను ఊదేసింది. అంత చలిలో గదిలోని ఆక్సిజన్ కరిగి ద్రవంలోకి దిగింది. నైట్రోజన్ తొందరగా ఆవిరైపోతూ ఉంటే, నేను పైనుంచి పోస్తూ ఇంకా ఇంకా ఆక్సిజన్ని పోగుచేశాను. మా టవర్ చేసే పనే ఆ ఫ్లాస్కు రాత్రంతా చేసింది. ప్లాంటులో ద్రవానికి గాలి తగలనివ్వం, అంతా గొట్టాల్లోనే నడుస్తుంది. ఆ అలవాటుతో, తెరిచిన గిన్నె ముందు నా అనుభవం గుడ్డిదైపోయింది.

"నైట్రోజన్ ఎవరు తెచ్చారు?" అన్నారు మేడం.

"నేనే మేడం," అంది స్వరూప.

అప్పుడు నేను నోరు తెరిచాను. "డిపోలో క్యాన్ మారిపోయి ఉంటుంది మేడం. ఒక్కోసారి జరుగుతూనే ఉంటుంది."

స్వరూప నా వైపు చూసింది. డిపోలో మీటరు చూసినప్పుడు నేను తన పక్కనే నిలబడి ఉన్నాను. అది మా ఇద్దరికీ తెలుసు. కాలిన చున్నీ అంచుని వేళ్లతో నలుపుతూ నిలబడింది.

"ఏం తెస్తున్నావో కూడా చూసుకోవా?" అని మేడం ఆమె మీద పడ్డారు. "గదికి తాళం వేసి తాళంచెవి నాకివ్వండి, తర్వాత కాలమ్ విప్పేయండి. ఈ గది వచ్చే నెలకి వేరేవాళ్లు అడుగుతున్నారు, ఇచ్చేస్తాను."

కాలమ్ నడవకపోతే ఆ అమ్మాయి చదువు ముగియదు.

చౌరస్తా

సాయంత్రం ఒక్కణ్ణే తార్నాక చౌరస్తాకి నడిచాను. మెట్రో కింద ఒకావిడ సర్వపిండి కాలుస్తోంది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు కలిపి, గిన్నె అడుగుకి అద్ది కాలుస్తారు. మా వైపు దిబ్బరొట్టెకి దూరపు చుట్టంలా ఉంది, కానీ కరకరలాడుతుంది. రుచి బాగుందని ఆమెతో అన్నాను. అదే నోటితో మా షిఫ్టు రమణకి ఫోన్ చేసి, ఎవరో అమ్మాయి తప్పు క్యాన్ తెస్తే మంటలు లేచాయని, నేను ఆర్పానని చెప్పాను. అడగకుండానే చెప్పాను. రమణ దాన్ని వెంటనే కాలనీ గ్రూపులో పెట్టాడు. చప్పట్ల బొమ్మలు వరసగా దిగుతున్నాయి.

యాదగిరి ఆటో వచ్చి నా పక్కన ఆగింది.

"సార్, మీ వల్ల నా గిరాకి పాయె. సేటుకు ఎవరో ఫోన్ జేసి తిట్టిండ్రంట. గీ యూనివర్సిటీకి ఇగ చుక్క గూడ పొయ్య అంటున్నడు. స్వరూప పోతే గేటుకాడనే నిలవెట్టిండు."

"ఏడ్చిందా?"

"ఏడ్వలే. ఏడిస్తే మంచిగుండు. కాలమ్ ఎట్ల ఇప్పాలె, పలగకుంట ఏడ పెట్టాలె అని నన్ను అడుగుతున్నది. నాకేం తెలుస్తది సార్? నేను ఆటో నడిపేటోణ్ణి."

ఆ రాత్రికి నా రైలు. ఆటో ఎక్కితే సికింద్రాబాద్ ఎంతో దూరం లేదు. రేపు ఇంటి దగ్గర భోజనం, ఎల్లుండి డ్యూటీ, ఆ గాజు టవర్ సంగతి ఎవరికీ పట్టదు. నా అబద్ధం నాతో రాదు, ఇక్కడే ఉండి తన పని తాను చేస్తుంది. ఆ ఆలోచన భరించలేకపోయాను. యాదగిరిని వెళ్లమని చెప్పి అతిథి గృహానికి తిరిగి నడిచాను. కాలమ్ నడిచేదాకా కదలకూడదనుకున్నాను.

మేడం గది

మర్నాడు గది తలుపు తెరవగానే లోపలికి వెళ్లి, ఉన్నదున్నట్టు చెప్పాను. మేడం ఓపిగ్గా విన్నారు. విని నవ్వారు.

"మీది మంచి మనసు సార్. ఆ పిల్ల మీద జాలితో మీ మీద వేసుకుంటున్నారు. ఇంత అనుభవం ఉన్నవారు అలాంటి తప్పు చేస్తారా? నేను నమ్మను."

అబద్ధాన్ని ఒక్క మాటతో నమ్మారు. నిజం చెబితే నన్ను మెచ్చుకుంటున్నారు. ఎంత చెప్పినా అంతే.

"అయితే నేను చేసిన తప్పే మళ్లీ చేసి చూపిస్తాను," అన్నాను. "అదే ఫ్లాస్కు, అలాంటిదే ఫ్యాను. రేపు మీరే వచ్చి చూడండి."

"నా ల్యాబులోనా?"

"బయట వరండాలో. చుట్టూ ఏదీ లేకుండా. ఇసుక, నీళ్లు పక్కన పెట్టుకుని. మంట నేనే పెడతాను."

ఆమె పెన్నుకి మూత పెట్టారు. "నైట్రోజన్ ఎక్కడిది? డిపో అతను ఇవ్వనన్నాడు కదా."

"ఇస్తాడు," అన్నాను. ఇస్తాడో లేదో నాకు తెలియదు.

మళ్లీ లాలాగూడ

సేటు నన్ను గుర్తుపట్టాడు. కూర్చోమనలేదు.

"మొన్న నా ట్యాంకు, నా మీటరు చూసి పోయిండ్రు గద మీరు. మళ్ల నా మీదనే చెప్పిండ్రంట? బిస్కిట్ గూడ పెట్టిన గదనయ్య మీకు!"

"తప్పు మీది కాదు. నాది. అక్కడ చెప్పాను, ఇక్కడ చెప్పడానికి వచ్చాను."

"గట్ల చెప్తె అయిపోతదా? మా పోరగాండ్ల ముంగట నా ఇజ్జత్ తీసిండ్రు."

"వాళ్లని పిలవండి. వాళ్ల ముందే చెబుతాను."

నిజంగానే పిలిచాడు. క్యాన్లు మోసే ముగ్గురు వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డారు. వాళ్ల ముందు మళ్లీ మొత్తం చెప్పాను. అందులో ఒకడు మధ్యలో, "అంటే ఫ్యాను బంద్ జేసుంటే ఏం గాకపోవు గద?" అని అడిగాడు. చాలావరకు కాకపోవును అన్నాను. వాడు మిగతా ఇద్దరి వైపు చూసి తల ఊపాడు. సేటు ఈసారి చాయ్ తాగుతారా అని కూడా అడగలేదు. కానీ క్యాన్ నింపించాడు.

వరండా

ఫ్లాస్కుని వరండా చివర ఫ్యాను కింద పెట్టి సాయంత్రం పోశాను, రాత్రి పోశాను, పొద్దున పోశాను. స్వరూప దూరంగా గడప మీద కూర్చుని చూసింది. మాట్లాడించబోయాను.

"క్షమించమని అడగనమ్మా. ముందు నీ గది తెరిపించనీ."

"గదే మంచిది సార్," అంది. "క్షమించుడు కూసోని చేసే పని. నాకిప్పుడు తీరిక లేదు."

నాలుగో రోజు మధ్యాహ్నం మేడం వచ్చారు, ఆ రోజు కేకలేసిన పిల్లల్ని కూడా పిలిపించారు. అది నేనే అడిగాను. ఫ్లాస్కుని వరండా మధ్యకి తెచ్చి, అడుగు చూపించాను. లేత నీలం. పొడుగాటి పటకారుతో అగరుబత్తి నిప్పుని దించాను. భగ్గుమంది.

"ఇది క్యాన్ మారడం కాదు," అని పిల్లలకు చెప్పాను. "మీ అక్క తెచ్చింది నైట్రోజనే. పారబోద్దామంది కూడా. వద్దన్నది నేను. తప్పు తెలిసి కూడా ఆమె మీదికి పోనిచ్చింది నేను."

మేడం ముఖం గట్టిగా ఉంది. "రంగు చూడగానే తెలిసిందన్నారు. అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"పెద్దమనిషని పిలిచారు మేడం. పెద్దమనిషిగానే రైలెక్కుదామనుకున్నాను."

ఆమె స్వరూప వైపు తిరిగి, "తాళం తీసుకో. నేను నిన్ను కూడా అడగకుండా అరిచాను, కదా?" అన్నారు. తర్వాత నాతో, "మీరు లోపలికి రావచ్చు, కానీ కాలమ్ చుట్టూ తాడు కట్టిస్తాను, దాన్ని దాటకూడదు," అన్నారు. న్యాయంగానే తోచింది.

తాడు వెనక

కాలమ్ చుట్టూ పసుపు తాడు కట్టారు. నేను మొదటి సంవత్సరం పిల్లలతో కలిసి దాని వెనక నిలబడ్డాను. స్వరూప చల్లబరచడం మొదలుపెట్టింది. గాజులో మొదట పొగమంచులా, తర్వాత చుక్కలుగా ద్రవం దిగింది. పళ్లేల మీద చిన్న చిన్న బుడగలు లేచాయి. బస్సు కదిలింది అన్నాడొక పిల్లాడు.

కాసేపటికి మధ్య పళ్లెం మీద ద్రవం కిందికి దిగకుండా పైకి పొంగడం చూశాను. కింద వేడి ఎక్కువైతే ఆవిరి తోసుకొచ్చి ద్రవాన్ని దిగనివ్వదు. మా ప్లాంటులో అయితే ఈపాటికి నా చేయి వాల్వు మీద ఉండేది. వేళ్లు వాటంతటవే కదిలాయి. రెండు చేతుల్నీ వెనక్కి కట్టుకుని, పెదవి కొరుక్కుని నిలబడ్డాను. ఆమె చూస్తుందా, చూడదా? చూడకపోతే చెప్పాలా?

చూసింది. తొందరపడలేదు. కింద వేడి కొంచెం తగ్గించి, ఆగి, ఇంకొంచెం తగ్గించింది. పొంగు కూర్చుంది. పళ్లేలు ఒక్కొక్కటిగా మళ్లీ సర్దుకున్నాయి. ఎండ కిటికీ దాటే వేళకి గాజు అడుగున ఆకాశం రంగులో ద్రవం పోగైంది. ఈసారి దాన్ని పోగుచేయాలనే పోగుచేసింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. స్వరూప కొలతలు చూసుకుంటూ వెనక్కి తిరగలేదు.

వేరే శాఖనుంచి ఎవరో కుర్రాడు చప్పట్లు విని లోపలికొచ్చి, నా పక్కన జాగా చేసుకున్నాడు. నా తెల్లజుట్టు, మెడలో వేలాడుతున్న ప్లాంటు కార్డు చూసి గౌరవంగా అడిగాడు.

"అంకుల్, గీ సెటప్ మీరే పెట్టిచ్చిండ్రా?"

"కాదు బాబూ. ఆ అమ్మాయి కట్టింది."

"మరి మీరు?"

"మొన్న ఈ గదిలో మంట పెట్టి, ఆమె మీదికి తోసిన మనిషిని."

కుర్రాడు ఒక అడుగు పక్కకి జరిగాడు. స్వరూప కొలతల మీదనుంచి తల ఎత్తకుండానే అంది.

"పేరు గూడ చెప్పుండ్రి సార్."

చెప్పాను. ఇక్కడా అదే చెబుతున్నాను: మజ్జి సూరిబాబు, బి షిఫ్టు. శాలువా వద్దు.